3215031751 ప్రైమేనా? ఒక కోడింగ్ పోటీలో వచ్చిన తగాదా

కాలేజీ కోడింగ్ పోటీలకు ప్రశ్నలు, టెస్ట్ కేసులు సరిచూసి పెట్టడం నా పనుల్లో ఒకటి. చాలాసార్లు అందులో రాయదగ్గది ఏమీ ఉండదు. ఇన్‌పుట్ చివర ఒక స్పేస్ ఎక్కువ, ఎక్కడో ఒక న్యూలైన్ తక్కువ, అంతే. ఈ కేసు మాత్రం రాసి పెట్టుకోవాలనిపించింది, ఎందుకంటే నాలుగు వందల కోట్ల సంఖ్యల్లో ప్రోగ్రామ్ పొరబడింది ఒక్కటంటే ఒక్క సంఖ్య దగ్గర, ఆ ఒక్కటీ సరిగ్గా పోటీలోకే వచ్చి కూర్చుంది. కాలేజీ, ఊరు, పిల్లల పేర్లు వదిలేశాను. గుర్తుపట్టేలా ఉన్న ఒకటి రెండు చిన్న విషయాలు కూడా మార్చాను. సంఖ్యల్ని మాత్రం ముట్టుకోలేదు.

నేపథ్యం

ప్రశ్న చాలా మామూలుది. ఒక పూర్ణసంఖ్య ఇస్తారు, దానికి ఎన్ని భాజకాలున్నాయో చెప్పాలి. 12 ఇస్తే జవాబు 6. ఒక్కో ఫైల్లో వెయ్యి సంఖ్యల దాకా ఉంటాయి. అంతకు ముందు ఏడాది ఇదే ప్రశ్న ఇచ్చినప్పుడు సంఖ్య 200 కోట్లు దాటదని పరిమితి పెట్టారు, అంటే మామూలు ఇంట్‌లో (పూర్ణసంఖ్యలు దాచుకునే 32 బిట్ రకం, దాని హద్దు 2147483647) హాయిగా ఇమిడిపోతుంది. ఈసారి కొంచెం టఫ్‌గా ఉండాలని పరిమితిని 400 కోట్లకు పెంచారు.

ప్రశ్న పెట్టింది ఫైనలియర్ అబ్బాయి. తెలివైనవాడు, కోడ్ కూడా శుభ్రంగా రాస్తాడు. అతని సొల్యూషన్ ముందు వందలోపు ఉన్న 25 ప్రైమ్‌లతో భాగించి చూస్తుంది. మిగిలినది ప్రైమా కాదా అని మిల్లర్-రాబిన్ పరీక్ష (బేస్ అనే ఒక సంఖ్యని పెద్ద ఘాతానికి ఎత్తి, వచ్చే శేషాన్ని బట్టి ప్రైమా కాదా చెప్పేది) పెడుతుంది, 2, 3, 5, 7 అనే నాలుగు బేస్‌లతో. ప్రైమ్ కాదని తేలితే పొలార్డ్ రో పద్ధతిలో కారణాంకాలు లాగుతుంది. పోటీ కోడింగ్ చేసేవాళ్ళ దగ్గర ఇలాంటి టెంప్లేట్ ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, పాత సీనియర్ నుంచి కొత్త జూనియర్‌కి చేతులు మారుతూ.

పోటీ నియమం ప్రకారం రెండో మనిషి విడిగా సొల్యూషన్ రాసి సరిపోల్చాలి. రాశారు కూడా. రెండిటికీ తేడా రాలేదు.

వచ్చిన సమస్య

పోటీలో ఒక సెకండియర్ అమ్మాయికి ఒకే ఒక్క టెస్ట్ ఫైల్ దగ్గర రాంగ్ ఆన్సర్ వచ్చింది. మిగతావన్నీ పాస్. ఆమె పద్ధతి చిన్న క్లాసులో నేర్పేదే: 400 కోట్ల వర్గమూలం 63245 చిల్లర, అంతవరకు ఉన్న ప్రైమ్‌లు ఆరు వేల పైచిలుకు, వాటిని ముందే జల్లెడ పట్టి పెట్టుకుని, ఇచ్చిన సంఖ్యను వాటితో వరసగా భాగించుకుంటూ పోవడం. వెయ్యి సంఖ్యలకు ఆరవై లక్షల పైన భాగాహారాలు, కంప్యూటర్‌కి అది ఒక లెక్కే కాదు. ఆమె చాలాసేపు కోడ్‌ని అటూ ఇటూ మార్చి మార్చి పంపింది, ప్రతిసారీ అదే రాంగ్ ఆన్సర్, ప్రతిసారీ పెనాల్టీ. పోటీ అయ్యాక అప్పీల్ పెట్టింది. అప్పుడు నన్ను పిలిచారు.

ఆ ఫైల్ తెరిచి రెండు జవాబుల్నీ పక్కపక్కన పెడితే తేడా ఒక్క లైన్లోనే ఉంది. సంఖ్య 3215031751, అంటే 321 కోట్ల 50 లక్షల 31 వేల 751. జడ్జ్ (పంపిన కోడ్ జవాబుల్ని సరిచూసే ప్రోగ్రామ్) దగ్గరున్న జవాబు 2, అంటే అది ప్రైమ్. అమ్మాయి జవాబు 8.

"సార్, నా కోడ్ స్లో అయితే అవ్వచ్చు గానీ తప్పు మాత్రం కాదు" అంది. అబ్బాయి మాట ఇంకోలా ఉంది: అదే పరీక్షతో ఏడాదిగా ఎన్నో పోటీలు నడిచాయి, ఎప్పుడూ ఒక్క తేడా రాలేదు, పైగా ఇదే పోటీలో చాలామంది 2 అనే చెప్పి పాస్ అయ్యారు.

మొదట చూసినవి, అవి తేల్చని సంగతి

నిర్వాహకుల మొదటి అనుమానం అమ్మాయి మీదే. అది సహజం, సంఖ్య 2147483647 దాటింది కాబట్టి ఎక్కడో ఇంట్ వాడి ఉంటుంది, ఓవర్‌ఫ్లో అయి (సంఖ్య హద్దు దాటి చెడిపోయి) ఉంటుందని. చూస్తే అంతటా లాంగ్ లాంగే (64 బిట్ రకం) ఉంది. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

రెండో అనుమానం అబ్బాయి కోడ్ మీద. మిల్లర్-రాబిన్‌లో రెండు శేషాల్ని గుణించాలి, గుణించినప్పుడు లబ్ధం దాదాపు ఆ సంఖ్య వర్గం దాకా పోవచ్చు. 3215031751 వర్గం 1033 తర్వాత పదహారు అంకెలు, మొత్తం 20 అంకెల సంఖ్య. సైన్డ్ 64 బిట్ హద్దు 9223372036854775807, అంటే 19 అంకెలే, ఇది దాన్ని దాటిపోతుంది. కానీ అతను అన్‌సైన్డ్ (మైనస్ సంఖ్యలు లేని రకం) వాడాడు, దాని హద్దు 18446744073709551615, అందులో పడుతుంది. అయినా సందేహం ఉండకూడదని గుణకారాన్ని 128 బిట్‌కి మార్చి నడిపించాం. మళ్ళీ ప్రైమ్ అనే వచ్చింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఓవర్‌ఫ్లో అయి ఉంటే శేషాలన్నీ చెత్తగా వచ్చేవి, చెత్త శేషం సరిగ్గా 1 గానో మైనస్ 1 (అంటే ఆ సంఖ్య కంటే ఒకటి తక్కువ) గానో నాలుగుసార్లు వరసగా రావడం దాదాపు అసాధ్యం. అంటే ఓవర్‌ఫ్లో వల్ల ప్రైమ్‌ని సంయుక్త సంఖ్య అనే ప్రమాదం ఎక్కువ, సంయుక్త సంఖ్యని ప్రైమ్ అనే ప్రమాదం చాలా తక్కువ. తప్పు ఏ వైపుకు మొగ్గిందో చూస్తేనే కారణం సగం తెలుస్తుంది, అందుకే ఆ దారిలో నాకు మొదటినుంచీ పెద్ద ఆశ లేదు.

మూడోది అసలు ప్రమాదకరమైనది. నిర్వాహకుల్లో ఒకరు మంచి ఉద్దేశంతోనే, ఇంకో పరీక్షతో తేల్చేద్దాం అని ఫెర్మా పరీక్ష నడిపించారు. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, సంఖ్య ప్రైమ్ అయితే దానితో భాగం పోని ఏ బేస్‌నైనా (సంఖ్య మైనస్ 1) ఘాతానికి ఎత్తి ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి. 2తో వచ్చింది, 3తో వచ్చింది, 11, 13, 17, 19, ఏది పెట్టినా 1. దాంతో గదిలో అభిప్రాయం పూర్తిగా అబ్బాయి వైపు తిరిగిపోయింది. "అన్ని బేస్‌లూ అబద్ధం చెప్తాయా సార్?" అని అడిగారు. చెప్తాయి. అలాంటి సంఖ్యల్ని కార్మైకేల్ సంఖ్యలు అంటారు, అన్నిట్లో చిన్నది 561. అవి అనంతంగా ఉన్నాయని 1994లో ఆల్ఫర్డ్, గ్రాన్‌విల్, పొమెరాన్స్ నిరూపించారు. ఈ సంఖ్య కార్మైకేల్ అయితే ఫెర్మా పరీక్ష ఎన్నిసార్లు నడిపినా కొత్త సమాచారం ఏమీ రాదు, బేస్ అనుకోకుండా దాని కారణాంకానికి గుణిజం అయితే తప్ప. యాదృచ్ఛికంగా ఎంచుకుంటే అలా జరిగే అవకాశం నూటికి ఒకటి కూడా లేదు.

తేల్చింది

నేను చేసిన మొదటి పని పరీక్షలన్నీ పక్కన పెట్టేయడం. ఒక సంఖ్య సంయుక్తం అని ఎవరైనా అంటే దానికి రుజువు చూపించడం చాలా తేలిక, ఒక్క కారణాంకం ఇస్తే చాలు. ప్రైమ్ అని చెప్పడానికే ఇంత తతంగం కావాలి. కాబట్టి తగాదాలో ముందు మాట్లాడాల్సింది 8 అన్న మనిషి. అమ్మాయిని కారణాంకాలు అడిగితే చెప్పింది: 151, 751, 28351.

బోర్డు మీద వేశాం. 151 × 751 = 113401. దాన్ని 28351తో గుణించడానికి 28000, 351 అని విడదీస్తే 3175228000, 39803751. కలిపితే 3215031751. మూడు వేర్వేరు ప్రైమ్‌లు, ఒక్కొక్కటీ ఒక్కసారే, కాబట్టి భాజకాలు 2 × 2 × 2, అంటే 8. అవి 1, 151, 751, 28351, 113401, 4281001, 21291601, ఇంకా ఆ సంఖ్యే. తగాదా అక్కడే అయిపోయింది.

అక్కడితో ఆపేసి ఆ ఒక్క జవాబు మార్చి ఫలితాలు ఇచ్చేయొచ్చు, ఒకరిద్దరు అదే అన్నారు కూడా. నేను ఒప్పుకోలేదు. ఈ పరీక్ష ఈ ఒక్క సంఖ్య దగ్గరే ఎందుకు పొరబడిందో తెలియకపోతే మిగతా ఫైళ్ళలో జవాబుల్ని ఏ ధైర్యంతో నమ్మాలి? జడ్జ్ జవాబులన్నీ ఆ కోడ్ పుట్టించినవే.

ఎందుకు పొరబడిందంటే

కారణాంకాలు చేతిలో ఉంటే ఇది కాగితం మీద తేలే లెక్క, కంప్యూటర్ అక్కర్లేదు. మూడు ప్రైమ్‌ల నుంచీ ఒకటి తీసేయండి: 150, 750, 28350. ఇవి 150కి 1, 5, 189 రెట్లు. సంఖ్యలోంచి ఒకటి తీస్తే 3215031750. దీన్ని 150తో భాగిస్తే 21433545, 750తో 4286709, 28350తో 113405, శేషం ఎక్కడా లేదు. కోర్సెల్ట్ 1899లో ఇచ్చిన సూత్రం ఇదే, కాబట్టి ఇది కార్మైకేల్ సంఖ్యే, ఫెర్మా పరీక్ష సంగతి తేలిపోయింది.

మిల్లర్-రాబిన్ అంతకంటే గట్టిది, మరి అది ఎలా జారిపోయింది? 3215031750 కారణాంకాల్లో 2 ఒక్కసారే ఉంది, కాబట్టి ఇక్కడ పరీక్ష మొత్తం ఒకే ప్రశ్నకి దిగిపోతుంది: బేస్‌ని 1607515875వ ఘాతానికి ఎత్తితే శేషం 1 గానీ మైనస్ 1 గానీ వస్తుందా? ఇప్పుడు పైన వచ్చిన మూడు భాగఫలాల్ని చూడండి, మూడూ బేసి సంఖ్యలే. దాని అర్థం, ఆ ఘాతాన్ని 151తో భాగించినప్పుడు వచ్చే శేషం బేస్ 151కి వర్గశేషమైతే (అంటే ఏదో ఒక వర్గాన్ని 151తో భాగిస్తే ఆ బేస్ శేషంగా వస్తే) +1, కాకపోతే −1. 751 దగ్గరా, 28351 దగ్గరా అంతే. మూడు చోట్లా ఒకే గుర్తు వస్తే మొత్తం సంఖ్య దగ్గర కూడా అదే గుర్తు వస్తుంది, పరీక్ష పాస్. ఒక్క చోట గుర్తు వేరైనా దొరికిపోతుంది.

2కి ఏం జరుగుతుందంటే, మూడు ప్రైమ్‌లనీ 8తో భాగిస్తే శేషం 7, కాబట్టి మూడు చోట్లా +1. మూడూ 150 గుణిజానికి ఒకటి కలిపినవి కాబట్టి 3తోనూ 5తోనూ భాగించినా శేషం 1. వర్గ పరస్పరత సూత్రం (ఒక ప్రైమ్ ఇంకోదానికి వర్గశేషమా అన్న ప్రశ్నని తిప్పి అడగనిచ్చేది, రెండిటినీ 4తో భాగిస్తే శేషం 3 వచ్చినప్పుడు గుర్తు తిరగబడుతుంది) ప్రకారం 3కి మూడు చోట్లా −1, 5కి మూడు చోట్లా +1. ఇక 7 దగ్గర మాత్రం పూర్తిగా అదృష్టం: శేషాలు వరసగా 4, 2, 1. 7కి ఉన్న వర్గశేషాలు సరిగ్గా ఆ మూడే! అందుకని మూడు చోట్లా −1. నాలుగు బేస్‌లూ అలా మోసపోయాయి. నాకు ఈ 4, 2, 1 చూసినప్పుడు మాత్రం కాసేపు పెన్ను కింద పెట్టాలనిపించింది.

11 పెడితే ఏమవుతుంది? శేషాలు 8, 3, 4. 11కి వర్గశేషాలు 1, 3, 4, 5, 9. అందులో 8 లేదు. కాబట్టి 151 దగ్గర ఒక గుర్తు, మిగతా రెండు చోట్లా ఇంకో గుర్తు. ఒక్క బేస్ ఎక్కువ పెట్టి ఉంటే పట్టుబడేది. అంతే కాదు, 11ని ఆ ఘాతానికి ఎత్తి, ఒకటి తీసేసి, అసలు సంఖ్యతో గ.సా.భా. తీస్తే 151 దానంతట అదే బయటపడుతుంది.

యాదృచ్ఛికంగా బేస్ ఎంచుకుంటే మోసపోయే అవకాశం ఎంత? మూడు చోట్ల గుర్తులు 8 రకాలుగా రావచ్చు, అన్నీ సమానంగా, అందులో 2 రకాలు పాస్. అంటే నాలుగో వంతు. ఈ సంఖ్యతో ఉమ్మడి కారణాంకం లేని బేస్‌లు 3189375000 ఉంటే, అందులో 797343750 అబద్ధమే చెప్తాయి. మిల్లర్-రాబిన్‌లో మోసపోయే బేస్‌లు నాలుగో వంతు దాటవని సిద్ధాంతం, ఈ సంఖ్య ఆ హద్దును సరిగ్గా తాకుతుంది. ఇంతకంటే చెడ్డగా ఏ సంఖ్యా ఉండలేదు.

ఇది మనం కొత్తగా కనిపెట్టింది కాదు. పొమెరాన్స్, సెల్ఫ్రిడ్జ్, వాగ్‌స్టాఫ్ 1980లోనే 2500 కోట్ల వరకు వెతికి, 2, 3, 5, 7 నాలుగిటినీ దాటే సంయుక్త సంఖ్య ఇదొక్కటే అని చూపించారు. అంటే 200 కోట్ల పరిమితి ఉన్నప్పుడు అబ్బాయి కోడ్ నూటికి నూరుపాళ్ళు సరైనది, రుజువున్న సరి. పరిమితి 400 కోట్లకు పెంచిన రోజు ఒక్క సంఖ్య దగ్గర తప్పయింది. పాత కోడ్‌లో 'ఇంట్‌కి ఈ నాలుగు చాలు' అని ఒక కామెంట్ ఉండేదట. ఇంట్‌ని అన్‌సైన్డ్ లాంగ్ లాంగ్‌గా మార్చినప్పుడు, ఇప్పుడు ఇంట్ లేదుగా అని కామెంట్ తీసేశారు. కోడ్‌లో ఏ లైనూ చెడిపోలేదు, చెడింది ఆ కామెంట్ పోవడంతో.

మరి నాలుగు వందల కోట్లలో ఒక్కటి టెస్ట్ ఫైల్లోకి ఎలా వచ్చింది? టెస్టులు తయారుచేసిన జూనియర్ ఒకడు యాదృచ్ఛిక సంఖ్యలతో పాటు తప్పుడు ప్రోగ్రామ్‌లని పట్టుకోడానికి పేరున్న 'కష్టమైన సంఖ్యలు' కొన్ని ఏరి వేశాడు. చాలా మంచి పని. కానీ వాటికి జవాబులు చేత్తో పెట్టలేదు, ఆ ఫైనలియర్ అన్న రాసిన కోడ్ ఇచ్చిన జవాబునే తీసుకుని అతికించాడు. తప్పుని పట్టుకోడానికి వేసిన వల సరిగ్గా రాసినవాళ్ళని పట్టుకుంది. ఇక రెండో సొల్యూషన్ సంగతి, అదీ అదే టెంప్లేట్ నుంచి అదే ప్రైమ్ ఫంక్షన్‌ని కాపీ చేసుకుంది. అద్దంలో చూసుకుని ఇద్దరం ఉన్నాం అనుకున్నట్టు.

మరమ్మతు

ఎలా సరిచేయాలన్న దాని మీద కాస్త వాదన నడిచింది. 11 కలిపితే చాలు, ఐదు బేస్‌లు 2 లక్షల 15 వేల కోట్ల దాకా పనిచేస్తాయి, ఇది ఒక మార్గం. 2, 7, 61 మూడే పెడితే 475 కోట్ల దాకా సరిపోతాయి, కాబట్టి 32 బిట్ మొత్తానికీ ఇది ఇంకా తక్కువ పని, ఇది ఇంకో మార్గం. రెండూ సరైనవే. నేను రెండూ వద్దన్నాను, కారణం గణితం కాదు, మనుషులు. వచ్చే ఏడాది ఇంకెవరో పరిమితి పెంచుతారు, ఇదే కథ. 2 నుంచి 37 వరకు ఉన్న మొదటి పన్నెండు ప్రైమ్‌లూ పెడితే 64 బిట్‌లో పట్టే ప్రతి సంఖ్యకీ సరిపోతుందని నిరూపితమైంది, ఖర్చు పన్నెండు ఘాతాల లెక్క మాత్రమే, గుణకారం మాత్రం 128 బిట్‌లో చేయాలి. అదే పెట్టాం. పరిమితిని కామెంట్‌గా కాకుండా అసర్ట్‌గా రాయించాను, దాటితే ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

ఇరవై యాదృచ్ఛిక బేస్‌లు పెడదామన్నవాళ్ళూ ఉన్నారు. మోసపోయే అవకాశం లక్ష కోట్లలో ఒకటి కంటే తక్కువ, నిజమే. అయితే జడ్జ్ జవాబు ఎన్నిసార్లు నడిపినా ఒకటే రావాలి, అందుకని ఇక్కడ స్థిర బేస్‌లే మేలు. ఎదుటివాడు కావాలనే చెడ్డ సంఖ్య తయారుచేసి ఇవ్వగలిగే చోట, ఉదాహరణకి క్రిప్టోగ్రఫీలో, నా జవాబు తిరగబడుతుంది. అక్కడ స్థిర బేస్‌లు పెట్టడం అంటే తాళంచెవి గుమ్మానికే వేలాడదీయడం. 1995లో ఆర్నో 307 కంటే తక్కువ ఉన్న ప్రైమ్ బేస్‌లన్నిటినీ మోసం చేసే 397 అంకెల సంఖ్యని కట్టి మరీ చూపించాడు.

తర్వాత మిగతా టెస్టులన్నిటినీ అమ్మాయి రాసిన భాగాహారం కోడ్‌తోనే మళ్ళీ సరిపోల్చాం. ఎందుకంటే అందులో పరీక్షలు లేవు, టెంప్లేట్ లేదు, తప్పు ఉంటే వేరే చోట ఉంటుంది. ఒక్క తేడా కూడా రాలేదు.

ర్యాంకుల దగ్గర మాత్రం గణితం సాయం చేయలేదు. 8 అన్నవాళ్ళకి మార్కులిచ్చి, పెనాల్టీలు తీసేశాం, అందులో చర్చేమీ లేదు. కానీ 2 అన్నవాళ్ళని ఇప్పుడు ఫెయిల్ చేయాలా? వాళ్ళ కోడ్ తప్పే. అయితే పోటీ నడుస్తున్నప్పుడు జడ్జే వాళ్ళకి పాస్ అని చెప్పింది, రాంగ్ అని ఉంటే చాలామంది ఒక బేస్ కలిపి సరిచేసుకునేవాళ్ళు. ఆ అవకాశం మనం తీసేసుకుని, ఇప్పుడు శిక్ష వేయడం న్యాయం కాదనిపించింది. వాళ్ళ మార్కులు ఉంచేశాం. అందరికీ నచ్చలేదు, అమ్మాయికి అసలే నచ్చలేదు, "తప్పు తప్పే కదా సార్" అని గట్టిగానే అడిగింది. ఆమె ర్యాంకు పెరిగింది గానీ మొదటి స్థానం రాలేదు.

ఇప్పుడు ఆ సంఖ్య ప్రాక్టీస్ టెస్టుల్లో ఉంది, పక్కన జవాబు 8 చేత్తో రాసి. దానితో పాటు 2152302898747 కూడా పెట్టమని ఆమే సూచించింది. అది 6763, 10627, 29947ల లబ్ధం, 2, 3, 5, 7, 11 ఐదిటినీ దాటిపోయే అతి చిన్న సంయుక్త సంఖ్య. ఇక్కడ కూడా మూడిట్లోంచీ ఒక్కొక్కటి తీసేస్తే 966కి 7, 11, 31 రెట్లు వస్తాయి. దీన్ని పట్టుకోడానికి వెయ్యిలోపు ప్రైమ్‌లతో భాగించి చూస్తే సరిపోదు, బేస్ 13 కావాలి.